తెర మీది మెరుగులు - మన లిపులు

కంప్యూటరు తెరపై అక్షరానికి నీడ వేయుట, చిత్రాన్ని మసకపరచుట, ఒక పుట కరిగి మరొకటి తేలివచ్చునట్లు చేయుట నేడు సర్వసాధారణం. ఈ మెరుగులన్నీ సిద్ధంగా లభిస్తుండగా విద్యార్థి వానిని స్వయంగా నిర్మించడం నేర్వనేల అని కొందరు ప్రశ్నిస్తారు. నేర్చి తీరవలెనని నా దృఢాభిప్రాయం.

మైక్రోసాఫ్ట్ సంస్థ 2006లో విడుదల చేసిన డబ్ల్యు.పి.ఎఫ్. ఇందుకు చక్కని నిదర్శనం. అందులో తొలుత ఇచ్చిన బిట్‌మ్యాప్ ఎఫెక్టుల భారమంతా ప్రధాన ప్రాసెసరు పైననే పడి, తెర మందగించేది. 2008లో షేడర్ ఎఫెక్ట్ అనే కొత్త మార్గం తెరుచుకున్నది. సిద్ధంగా ఇచ్చినవి మసక, నీడ అను రెండే. తక్కినవి ప్రోగ్రామరే వ్రాసుకొనవలెను. అతడు వ్రాసిన చిన్న సూత్రాన్ని గ్రాఫిక్స్ ప్రాసెసరు ఎన్నో చుక్కలకు ఒకేసారి వర్తింపజేస్తుంది.

ఇందులో గణితం కలదు. తెర సెకనుకు 60 మార్లు మారినచో ఒక్కొక్క చిత్రానికి దక్కే వ్యవధి 16.7 మిల్లీసెకన్లే. మసకపరచుటకు ప్రతి చుక్క చుట్టూ 9 వరుసలు, 9 నిలువులు చూడవలెనన్న 81 మార్లు చదవాలి. అదే పనిని అడ్డంగా ఒకసారి, నిలువుగా మరొకసారి చేసినచో 18తో ముగుస్తుంది. ఈ తెలివి సిద్ధవస్తువును వాడినంత మాత్రాన అలవడదు.

అంతకు మించిన కారణం మన లిపులు. తెలుగు అక్షరానికి పైన గుడి, క్రింద వత్తు ఉంటాయి. ఉర్దూ నస్తాలీఖ్‌లో పదం కుడినుండి ఎడమకు వాలుగా దిగుతుంది. రోమన్ అక్షరాల ఎత్తుకు కొలిచిన చట్రంలో ఎఫెక్టు వేసినచో వత్తులు, చుక్కలు తెగిపోవచ్చును. ఎడమనుండి కుడికి తెర తొలగించే ఎఫెక్టు ఉర్దూ పాఠకునికి చివరి మాటనే మొదట చూపుతుంది! 2017 నుండి ఉర్దూ తెలంగాణ అంతటా రెండవ అధికారభాష. మన రెండు లిపులకు తగిన తెరలను అల్వాల్ విద్యార్థులు గాక మరెవరు నిర్మింపగలరు?

అలంకారం హద్దు మీరరాదన్నదీ నిజమే. సాధారణ పరిమాణపు అక్షరాలకు, వాని నేపథ్యానికి కాంతిభేదం కనీసం 4.5కు 1 ఉండవలెనని అంతర్జాతీయ ప్రమాణం. కదలికలు కొందరికి తలతిప్పును కలిగిస్తాయి. వానిని ఆపుకొను వీలు తప్పక కల్పించాలి.

కావున కళాశాల కమిటీ వారికి నా మనవి: కంప్యూటరు విద్యార్థుల ప్రాజెక్టులో స్వయంగా వ్రాసిన ఎఫెక్టు ఒకటైనా ఉండాలి, దానిని తెలుగు, ఉర్దూ వాక్యాలపై పరీక్షించిన పిమ్మటనే మార్కులు వేయాలి. అక్షరాన్ని మరుగుపరచని మెరుగే మెరుగని మన విద్యార్థులు గ్రహింతురు గాక!