ఫజర్ తర్వాత కృష్ణ ఒడ్డున

చలికాలం ఫజర్ నమాజ్ అయ్యాక నాకు ఇంకో పని ఉంటుంది. తువ్వాలు, స్వెట్టర్ సంచిలో పడేసుకుని పున్నమి ఘాట్ వైపు వెళ్తాను. జనవరిలో మా బెజవాడలో ఆరున్నర దాటితే గానీ సూర్యుడు పైకి రాడు. వెలుతురు పడ్డాకే నీళ్ళలో దిగుతాం. ఒంటరిగా ఎవరమూ దిగం. నెత్తికి మెరిసే రంగు టోపీ, నడుముకి తాడుతో కట్టిన గాలి బుడగ, పక్కన ఒక దోస్త్. బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజు నదికి సలాం కొట్టి వెనక్కి వచ్చేస్తాం.

మన చలి యూరప్ చలి కాదు. పద్దెనిమిది డిగ్రీలకే మనం మఫ్లర్లు చుట్టేస్తాం. అయినా మొదటి నిమిషం గట్టిదే. చన్నీళ్ళు తగలగానే గుండె దడదడలాడుతుంది, మన ప్రమేయం లేకుండానే ఊపిరి గబగబా లోపలికి పోతుంది. ఆ కంగారులోనే మనిషి నీళ్ళు మింగేస్తాడు. అందుకే దూకకూడదు. వజూ చేసినట్టు మొహం, మెడ తడుపుకుని, నిదానంగా ఊపిరి వదులుతూ దిగాలి. రెండు నిమిషాలు సబర్ చేస్తే ఒళ్ళు మాట వింటుంది. తర్వాత కిలోమీటరో రెండు కిలోమీటర్లో, ఓపికను బట్టి. బయటికొచ్చాకే అసలు వణుకు. పొడి బట్టలు, అల్లం చాయ్, అల్‌హందులిల్లాహ్.

"ఈ ఉమర్‌లో నీకిదేం పిచ్చి భాయ్?" అంటారు మొహల్లాలో. సామర్లకోట ఆడబిడ్డ గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021 మార్చిలో శ్రీలంక నుంచి రామసేతు వైపు పాక్ జలసంధిని పదమూడు గంటల నలభై మూడు నిమిషాల్లో ఈదారు. మన బెజవాడ పోలీసు తులసీ చైతన్య కూడా ఆ సముద్రం ఈదినవారే. హిమ్మత్‌కి ఉమర్‌తో పనిలేదు.

కానీ ఇది రాస్తున్నది నా షౌక్ గురించి చెప్పుకోవడానికి కాదు. ఒకరోజు తల తుడుచుకుంటూ ఇంట్లోకి వస్తే మా బేటీ అడిగింది: "అబ్బా, మళ్ళీ బుడమేరు వస్తే మీరు ఈదుతారు. నేనూ అమ్మీ ఏం చేయాలి?"

నా దగ్గర జవాబు లేదు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి కిందికి వెళ్ళింది. రిపోర్టింగ్‌కి వెళ్ళినప్పుడు చూశాను. మేడల మీద తడిసిన బుర్ఖాలతో ఖాలాలు, చంకల్లో పిల్లలు. పడవ పక్కనే ఉన్నా ఎక్కడానికి ఖౌఫ్, జారితే ఏమవుతుందోనని. వరదను ఈది గెలవగలమని నేను చెప్పను. అది వట్టి మాట. కానీ నీళ్ళలో పడ్డ మనిషి కంగారుపడకుండా తేలుతూ ఉండగలిగితే, తాడు అందే దాకా ప్రాణం నిలుస్తుంది.

మూడు కాలవలు ఊరి మధ్య పారే బెజవాడ మనది. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ. మగపిల్లలు ఎండాకాలం సెలవుల్లో పెద్దవాళ్ళు చూడకుండా కాలవల్లో దూకి నేర్చుకుంటారు. కొందరు తిరిగి రారు. ఆడపిల్లలకు ఆ దొంగ ఈత కూడా లేదు. 2021లో ప్రపంచం మొత్తం మీద దాదాపు మూడు లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

"ఆడపిల్లకి ఈతేంటి, హయా ఉండక్కర్లా?" అంటారు పెద్దవాళ్ళు. బేషక్ ఉండాలి. హయా బట్టల్లో, చూపులో ఉంటుంది. నీళ్ళకి దూరంగా ఉండటంలో కాదు. మా బేటీని సల్వార్ కమీజ్‌తో ఒక స్విమ్మింగ్ పూల్‌కి తీసుకెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. నాకు కోపం వచ్చింది. తర్వాత కోచ్ చెబితే అర్థమైంది: నూలు బట్ట నీళ్ళు పీల్చి బరువెక్కి కిందికి లాగుతుంది. దానికి ఉపాయం ఉంది. ఆస్ట్రేలియాలో అహేదా జనేటి అనే సోదరి 2004లోనే తల నుంచి కాళ్ళ దాకా కప్పే, తేలికైన ఈత దుస్తులు తయారుచేసింది. ఆ తరహావి ఇప్పుడు ఇక్కడా దొరుకుతున్నాయి.

పిల్లలకు ఈత, విలువిద్య, గుర్రపుస్వారీ నేర్పమని హజ్రత్ ఉమర్ చెప్పారని మన ఇళ్ళల్లో తరతరాలుగా చెప్పుకుంటాం. ఆ మాటను మగపిల్లల దాకే ఎందుకు ఆపేశాం? ఒంటెని కట్టేసి అల్లాహ్ మీద తవక్కల్ చేయమన్నారు మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం. మనం కట్టేయకుండానే దువా చేస్తున్నాం.

మసీదు కమిటీలను ఒక్కటే కోరుతున్నాను. ఊళ్ళో ఉన్న పూల్ వాళ్ళతో మాట్లాడి, వారానికి రెండు రోజులు ఆడవాళ్ళకే ఒక గంట, ఆడ కోచ్‌తో అడగండి. పదిమంది ఫీజు కట్టేవాళ్ళు కలిసి వెళ్తే కాదనరు. మగపిల్లల్నీ కాలవకి కాదు, అలాంటి పూల్‌కే పంపండి.

మా బేటీ ఇప్పుడు అలాంటి ఒక బ్యాచ్‌లో చేరింది. వాళ్ళమ్మీ ఇంకా గట్టు మీద కూర్చునే చూస్తోంది. మొన్న మాత్రం కాళ్ళు నీళ్ళలో పెట్టిందట.