చిత్తుప్రతి విలువ

మొన్న వేసవిలో మా అనంతపురం కళాశాలలో పాత బీరువాలు ఖాళీ చేశాము. పనికిరాని సామాను తేల్చే సంఘంలో మూడో సంతకానికి మనిషి చాలక, తెలుగు పంతుల్ని నన్ను వేశారు. పాత కంప్యూటర్ల మధ్య కంపెనీ పేరు లేని సర్క్యూట్ బోర్డొకటి బయటపడింది. వెనుక చేతితో అతికించిన సన్నని తీగలు; అంచున రాసి, కొట్టివేసిన అంకెలు.

“ఎవరో సొంతంగా చేసుకున్నట్టుంది సార్, ఉంచుదామా?” అన్నాడు మా ముసలి అటెండరు.

“పేరూ ఊరూ లేనిదానితో మనకేం పనప్పా!” అని సంతకం చేశాను. అది తూకానికి పోయింది.

ఆ తరువాత ఒక సంగతి చదివి సిగ్గుపడ్డాను. 1982లో ఇంగ్లండులో సింక్లెయిర్ కంపెనీ జెడ్.ఎక్స్. స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటరును అమ్మకానికి పెట్టింది. ఇంట్లో టీవీకి తగిలించుకొని, టేపురికార్డరు ద్వారా ప్రోగ్రాములు ఎక్కించుకొనే యంత్రమది. దాని తొలి నమూనా ఒకటి, బేసిక్ భాషను సమకూర్చిన నైన్ టైల్స్ సంస్థవారి వద్ద ఉండిపోయింది. 2019లో అది కేంబ్రిడ్జిలోని కంప్యూటరు చరిత్ర మ్యూజియానికి చేరింది. అంగడికి వచ్చిన యంత్రానికి రబ్బరు మీటలు; నమూనాకు టైపుమిషను వంటి మీటలు!

అమెరికాలో కమడోర్ 65 కథ ఇంకా విచిత్రం. అది విడుదల కాకుండానే 1991లో ఆగిపోయింది. 1994లో కంపెనీ దివాలా తీశాక, మిగిలిన నమూనాలు సామానుతోపాటు అమ్ముడుపోయినవి. నేడు వాటిని సేకరించేవారు లక్షలు పోసి కొంటున్నారు. ఆ నమూనా ఆధారంగానే అభిమానులు మెగా65 అనే కొత్త యంత్రాన్ని నిర్మించుకొన్నారు.

పూర్తికాని యంత్రానికి ఇంత విలువేమిటంటారా? అచ్చుపుస్తకంలో కవి చివరిమాట దొరుకుతుంది. అతడు దేన్ని కొట్టివేసి దేన్ని నిలిపాడో చిత్తుప్రతిలోనే దొరుకుతుంది. బ్రౌను దొర వేమన ప్రతులు తెప్పించి, పోల్చి చూచి, 1829లో పద్యాలు అచ్చు వేయించాడు. తప్పులతడకలని వాటిని పారవేయలేదు. ఈ పాఠం ఏటేటా పిల్లలకు చెప్పేవాణ్ణి నేనే సుమా!

మరునాడే పాతసామాను అంగడికి పరుగెత్తాను.

“అవన్నీ ఎప్పుడో బెంగుళూరు లారీకి ఎక్కిచ్చేస్తిమి సార్,” అన్నాడు అంగడివాడు.

ఈ కరవు నేలలో బావి నీటిమట్టం కొలవడానికి చేశాడో, పిల్లలకు లెక్కలు నేర్పడానికి చేశాడో, ఆ పుణ్యాత్ముడు! ఇక తెలిసే దారి లేదు.

మీ ఇంట అటువంటిది కనిపిస్తే వెంటనే తూకానికి వేయకండి. దానితో ఉన్న టేపులూ కాగితాలూ విడదీయకండి. ఎవరు చేశారో, ఏ ఏట చేశారో, దేనికోసమో తెలిసినవారు ఉండగానే అడిగి, ఒక చీటీ రాసి అంటించండి.

మా అటెండరు ఇప్పుడు నేను చెప్పకముందే చీటీలు అంటిస్తున్నాడు. నిన్న చూస్తే, నా బల్లమీది ఖాళీ సిరాబుడ్డికి కూడా ఒకటి ఉంది!