పెద్దల కక్షలు పిల్లల బెంచీ దాకా రానివ్వకండి



డిసెంబరు వచ్చింది. స్కూల్లో క్రిస్మస్ స్టార్లు కడుతున్నాం. మీలో ఎక్కువ మంది క్రైస్తవులు కాకపోయినా పిల్లల్ని ఈ వేడుకకు సంతోషంగా తయారు చేసి పంపుతారు. ఈ పండుగ వెనకున్న ముఖ్యమైన మాటల్లో ఒకటి క్షమ. ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగితే, లెక్క పెట్టుకోవద్దన్న అర్థంలోనే యేసు జవాబిచ్చాడు.

మా తరగతుల్లో మాత్రం లెక్కలు కనిపిస్తున్నాయి. ఫలానా అబ్బాయి పక్కన ఎందుకు కూర్చోవని అడిగితే, "వాళ్లకూ మాకూ పడదు మిస్" అంటారు. పిల్లల మధ్య ఏ గొడవా ఉండదు. పొలం గట్టో, పార్టీయో, ఎన్నికలప్పటి మాటో పెద్దల మధ్య ఉంటుంది. కక్షలు తరం నుంచి తరానికి పాకితే ఏమవుతుందో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాళ్లకు నేను చెప్పనక్కర లేదు.

అభిప్రాయాలు కలవనప్పుడు మనుషులెలా కలుస్తారని మీరు అడగవచ్చు. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి మీకు తెలుసు. దాన్ని పెట్టింది లండన్ మిషన్. ఆ మిషన్ సంఘాల్లో బిషప్పులు లేరు. పక్కనున్న నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘాలకు బిషప్ లేనిదే చర్చి లేదు. దక్షిణాది అంతటా ఇలాంటి తేడాలే. 1919లో తరంగంబాడిలో ఐక్యత కోసం కూర్చున్నారు. దోర్నకల్ బిషప్ అజరయ్య ఆ ప్రయత్నంలో ముందు నిలిచారు. ఫలితం చూడకుండానే 1945లో కన్నుమూశారు. చివరికి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. ఏర్పడింది.

తేడాలన్నీ తీరాక కలవలేదు. ఒకరికి అలవాటు లేని ఆరాధనను వాళ్లపై రుద్దబోమని మాట ఇచ్చుకుని కలిశారు. నంద్యాల వైపు చాలామంది అప్పుడు చేరలేదు. 1970లలో వాళ్ల డయాసిస్ కూడా వచ్చి చేరింది. అన్నేళ్లు బయట ఉన్నారని ఎవరూ తలుపు మూయలేదు.

క్షమించడమంటే తప్పును కప్పిపుచ్చడం కాదు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్లూ ఆరేళ్లూ ఉన్న ఇద్దరు కొడుకులను వాహనంలో నిద్రపోతుండగా తగలబెట్టి చంపారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానన్నారు. అక్కడే ఉండి కుష్ఠు రోగుల సేవ కొనసాగించారు. కోర్టు తన పని తాను చేసింది, దోషికి శిక్ష పడింది.

కాబట్టి మీ బిడ్డను ఎవరైనా కొడితే, అవమానిస్తే తప్పకుండా మాకు చెప్పండి. విచారిస్తాం, చర్య తీసుకుంటాం. కానీ "వాడితో ఇక మాట్లాడొద్దు" అని ఇంట్లో చెప్పకండి. క్లాసు వాట్సాప్ గ్రూపులో మరో బిడ్డ పేరు పెట్టి రాయకండి. ఆ తల్లిదండ్రులకు నేరుగా ఫోన్ చేయండి, లేదా ఇద్దరూ మా దగ్గరికి వచ్చి కూర్చోండి.

మీ పార్టీని, మీ దేవుణ్ణి, మీ అభిప్రాయాన్ని మార్చుకోమని నేను అడగడం లేదు. ఈ సెలవుల్లో మీ బిడ్డ ఒక స్నేహితుణ్ణి ఇంటికి పిలుస్తానంటే, ఆ ఇంటి పెద్దలతో మీకు పడకపోయినా, రానివ్వండి.

— ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం