ఎవరి పాట వారిది

మొన్న రేపల్లె నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. “మామయ్యా! బాపట్లలో వ్యవసాయం చదవమని పంపితే మావాడు పాటలు కట్టి తనే పాడుకుంటున్నాడట. అమెరికాలో అదొక వృత్తిట! నువ్వు వెళ్ళి నాలుగు చీవాట్లు పెట్టు” అన్నాడు.

చీవాట్లు పెట్టడంలో నాకు కాస్త పేరుంది లెండి. తెనాలిలో బండెక్కాను. నిడుబ్రోలు దాటేసరికి ఎదుటి బల్లమీది ముసలమ్మగారి ఫోనులో ఎమ్మెస్ రామారావుగారి సుందరకాండ మొదలైంది. పెట్టెలో సగంమంది పెదవులు కదిలాయి. నేను కూడగట్టుకున్న చీవాట్లన్నీ అక్కడే రాలిపోయాయి.

ఎందుకంటారా? రామారావుగారిది మా పాత తెనాలి తాలూకా మోపర్రు. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉంది. ఆయన 1921లో పుట్టారు. చదువుకునే రోజుల్లో పాటలపోటీలో నెగ్గితే అడివి బాపిరాజుగారు వెన్నుతట్టారు. అదివరకు చాలామటుకు తెరమీద వేషం కట్టినవారే పాడుకునేవారు. 1944లో వచ్చిన ‘తహసీల్దార్’లో ఈయన వేరొకరికి గొంతు అరువిచ్చారు. తెలుగులో తొలి నేపథ్యగాయకుడని పేరు తెచ్చుకున్నారు. మొహం ఒకరిది, గొంతు ఒకరిది!

అంతటితో ఊరుకున్నారా? తనే పాటలు వ్రాసి, తనే వరస కట్టి, గ్రామఫోను రికార్డులకు పాడారు. సినిమాలు ఆయనకు కలకాలం కూడు పెట్టలేదు. మద్రాసు వదిలి రాజమండ్రిలో వసతిగృహం వార్డెనుగా పనిచేశారు. సుందరకాండను నలుగురి నోటా పలికే తేలిక మాటల్లో వ్రాసి పాడింది మద్రాసు వదిలిన తరువాతనే. 1992లో కన్నుమూశారు. అరువిచ్చిన గొంతు ఎందరికి జ్ఞాపకమో గాని, సొంత మాట మాత్రం ఇవాళ్టికీ రైలు పెట్టెలో వినపడుతున్నది.

బాపట్లలో కుర్రవాడు నన్ను చూచి బెదిరిపోయాడు. “పాడరా” అన్నాను. గిటారు తీశాడు. తుపానుకు చేను పడిపోతే, రాత్రి లాంతరు పట్టుకుని గట్టుమీద నిలబడ్డ నాన్నను గురించిన పాట.

“రెండో చరణం తేలిపోయిందిరా, సరిచెయ్యి. పరీక్ష మాత్రం తప్పావంటే ఊరుకోను” అన్నాను.

రాత్రి మేనల్లుడు మళ్ళీ ఫోను చేశాడు. “చీవాట్లు పెట్టావా, మామయ్యా?”

“పెట్టాను, రెండో చరణానికి. మొదటి చరణం నీమీదేరా. ఆదివారం ఇంటికొస్తాడు. కూర్చుని విను.”

అవతల చాలాసేపు మాట లేదు.