లిమిట్ ఎవరు పెట్టాలి?

మా జేబులో ఒక క్రెడిట్ కార్డుంది. దాని లిమిట్ మూడు లక్షలు. మా నెల జీతం అందులో మూడో వంతు కూడా ఉండదు. మొన్న స్టాఫ్ రూములో మనోళ్ల కుర్ర టీచరొకడు అడిగాడు: "అన్నా, నా కార్డు లిమిట్ తగ్గించుకోమంటావా, ఉండనివ్వమంటావా?" చిన్న ప్రశ్నే. కానీ మొదటి తరం జీతగాళ్లమైన మనందరి ఇళ్లలోనూ ఉన్న ప్రశ్న. అందుకే ఈ పక్షం సంపాదకీయం దీనికే ఇచ్చాం.

మన నాయినలు కామందు దగ్గర అప్పు తెచ్చారు. ఎంత తెచ్చారో పద్దు రాసింది కామందు. వేలిముద్ర వేసింది మనోళ్లు. ఏళ్ల తరబడి పాలేరుతనం చేసినా ఆ బాకీ తీరలేదు. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చి, అలాంటి అప్పులు చెల్లవంది. చట్టం వచ్చినంత తొందరగా మన పల్లెకు విడుదల రాలేదు, అది వేరే సంగతి. ఇవాళ వాళ్ల బిడ్డలం వేలిముద్ర వెయ్యడం లేదు, ఇంగ్లీషులో సంతకం చేస్తున్నాం. పద్దు మాత్రం చదువుతున్నామా?

ఫోనొస్తుంది. "సార్, మీకు లిమిట్ అయిదు లక్షలకు పెంచే అవకాశం వచ్చింది." చిన్నప్పట్నుంచీ ఊళ్లో 'ఒరే' అనిపించుకున్న మనకు ఆ 'సార్' తియ్యగా ఉంటుంది. ఊ అనేస్తాం. మన స్పష్టమైన ఒప్పుకోలు లేకుండా లిమిట్ పెంచకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశాలిచ్చింది. అంటే ఊ అనడం, కాదనడం మన చేతిలోనే ఉంది. లిమిట్ మన గౌరవానికి కొలత కాదు మిత్రులారా. మనల్ని ఎంత లోతు అప్పులో దించొచ్చో బ్యాంకు వేసుకున్న అంచనా అది.

లెక్క చూద్దాం. తమ్ముడి పెళ్లికి కార్డు మీద లక్ష వాడాడు ఒకడు. వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుందాం. అంటే 3,500. దాని మీద 18 శాతం జీఎస్టీ 630. మొత్తం 4,130. మినిమం కడితే చాలు కదా అని వాడు 5,000 కట్టాడు. అసలులో తగ్గింది 870 రూపాయలు! పైగా బాకీ పూర్తిగా కట్టలేదు కాబట్టి ఆ నెల కొన్న బియ్యానికీ, పిల్లల బూట్లకూ కొన్న రోజు నుంచే వడ్డీ. పల్లెలో మూడు రూపాయల వడ్డీకిచ్చేవాణ్ణి నెత్తురు తాగేవాడంటాం. మూడున్నర రూపాయల వడ్డీని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాం.

ఈ వడ్డీకి హద్దు లేదా? ఏడాదికి 30 శాతం దాటితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. ఆ ఉత్తర్వును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. వడ్డీకి లిమిట్ పెట్టేవాడు లేనప్పుడు అప్పుకైనా లిమిట్ మనం పెట్టుకోవద్దా?

ఇక్కడ ఎదురు మాట ఒకటుంది. దాన్ని తోసెయ్యలేం. "అర్ధరాత్రి అమ్మను ఆసుపత్రికి తీసుకుపోతే ముందు డబ్బు కట్టమంటారు. తాకట్టు పెట్టడానికి మనకు పొలముందా? హామీ ఉండే బంధువున్నాడా? కులం అడక్కుండా అప్పిచ్చేది ఆ కార్డే కదన్నా!" అన్నాడా కుర్రాడు. నిజమే. లిమిట్ తగ్గించడానికి మన మాట చాలు. మళ్లీ పెంచాలంటే మాత్రం బ్యాంకు ఒప్పుకోవాల.

ఇంకో మెలిక ఉంది. మనకున్న లిమిట్‌లో ఎంత వాడుతున్నామన్నది సిబిల్ స్కోరులో ఒక లెక్క. నెలకు 30 వేలు వాడేవాడికి మూడు లక్షల లిమిట్ మీద అది 10 శాతం. లక్షన్నరకు తగ్గిస్తే 20 శాతం. యాభై వేలకు తగ్గిస్తే 60 శాతం. వాడకం 30 శాతం దాటకుండా చూసుకోమని తెలిసినోళ్లు చెప్తారు. రేపు ఇంటి లోనుకో, పిల్ల చదువు లోనుకో వెళ్తే ఆ స్కోరే అడుగుతారు. కాబట్టి కోపం కొద్దీ లిమిట్ నరికెయ్యడం తెలివి కాదు.

మరి ఏం చెయ్యాల? రెండు రకాల లిమిట్లున్నాయని ముందు తెలుసుకోవాల. ఒకటి బ్యాంకు ఇచ్చిన అప్పు లిమిట్. రెండోది మనం పెట్టుకునే ఖర్చు లిమిట్. ఆన్‌లైనులో ఇంత, దుకాణంలో ఇంత, ఏటీఎంలో ఇంత అని మనమే ఖర్చుకు హద్దు పెట్టుకునే వీలు, అక్కర్లేనివి ఆపేసే వీలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో బ్యాంకులను ఆదేశించింది. ఈ రెండోది తగ్గిస్తే స్కోరు కదలదు. ఆసుపత్రి అవసరమొస్తే ఫోన్లోనే మళ్లీ పెంచుకోవచ్చు.

బిల్లు నెలనెలా పూర్తిగా కట్టేవాళ్లు అప్పు లిమిట్ ఉండనివ్వండి, ఖర్చు లిమిట్ తగ్గించండి. ఏటీఎంలో కార్డు మీద డబ్బు తియ్యడం ఆపెయ్యండి, దానికి తీసిన రోజు నుంచే వడ్డీ. మూడు నెలలుగా మినిమం మాత్రమే కడుతున్నవాళ్లకు ఆ తాళం చాలదు, దాని చెవి వాళ్ల చేతిలోనే ఉంటుంది కాబట్టి. వాళ్లు స్కోరు సంగతి పక్కన పెట్టి అప్పు లిమిట్టే తగ్గించమని రాసివ్వాల. పాత బాకీ దాంతో తగ్గదు, కొత్త బాకీకి గండి పడుతుంది. పాత బాకీని తక్కువ వడ్డీ లోనులోకి మార్చుకోవాల.

మా సంగతి చెప్పాలి కదా. మేమూ రెండు నెలలు మినిమం కట్టినోళ్లమే. పోయిన వారం మా లిమిట్ మూడు లక్షల నుంచి లక్షన్నరకు తగ్గించమని రాసిచ్చాం. మిగతా లక్షన్నర పోయిందని ఇంట్లో ఎవరూ ఏడవలేదు. అది మన డబ్బు కాదు కనుక. ఆసుపత్రి కోసం నెలకు రెండు వేలు పోస్టాఫీసులో వేస్తున్నాం. అది మన డబ్బు.

నాయినల పద్దు కామందు రాశాడు. మన పద్దు మనమే రాసుకుందాం.