పంటు దిగి... విమానమెక్కి!

సఖినేటిపల్లి రేవులో ఎవరైనా పెద్ద సూట్‌కేసుతో పంటు ఎక్కుతుంటే ఎక్కడికని అడగక్కర్లేదు. కువైట్, మస్కట్, దుబాయ్... ఈ మూడింట్లో ఏదో ఒకటి!

మధ్యాహ్నం ఆటోలో రేవుకి, పంటు మీద వశిష్ఠ దాటి నరసాపురానికి. సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. అక్కణ్నుంచి శంషాబాద్‌కి బస్సు (2008 దాకా బేగంపేటే). అరేబియా సముద్రం దాటడానికి నాలుగు గంటలు చాలు. హైదరాబాద్ చేరడానికి మాత్రం ఓ రాత్రంతా! దిగాక గడియారం వెనక్కి తిప్పాలి. మస్కట్, దుబాయ్‌లలో గంటన్నర, కువైట్‌లో రెండున్నర గంటలు.

కోనసీమలోనే రైలెక్కొచ్చుగా అంటారా? కోటిపల్లి-నరసాపురం లైను బాలయోగి స్పీకరుగా ఉండగా 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ... మూడు పాయలూ దాటాలి. 2025 దాకా చూసినా రైలు రాలేదు.

పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి ఇంటి పనికి వెళ్లే తల్లులెందరో ఈ దారిలో. ఆవకాయ సీసాకి నాలుగు కవర్లు చుట్టే జాగ్రత్త వీసా దగ్గరా ఉండాలి. విజిట్ వీసా మీద పని చేయకూడదు. 'అక్కడికెళ్లాక మార్పిస్తాలే' అనే ఏజెంటుని అస్సలు నమ్మొద్దు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో, 30 ఏళ్లు నిండకుండా ఆడవాళ్లు ఇంటి పనికి వెళ్తామంటే అనుమతి రాదు. వయసు ఎక్కువేసి పంపిస్తానంటే ఇంకా ప్రమాదం.

పాస్‌పోర్టు, వీసా నకళ్లు, యజమాని చిరునామా, ఫోన్ నంబరు... అమ్మమ్మ చేతికిచ్చాకే ఆటో ఎక్కండి.