రెండు పిల్లులు, రెండు గిన్నెలు



పిల్లుల సంగతి కూడా ఈ పేజీలో రాయాలా అని కొందరు నవ్వుకోవచ్చు. ధాన్యం నిలవ ఉండే మన ఇళ్ళలో పిల్లి లేకపోతే ఎన్ని బస్తాలు ఎలుకల పాలవుతాయో మీకు తెలిసిందే. అయితే ఒకటి ఉన్న ఇంటికి రెండవదాన్ని తెచ్చినప్పుడు జరిగేది చాలామందికి తెలియదు. మాకూ తెలియలేదు.

మా ఇంట్లో ఏడేళ్ళుగా ఒక ఆడ పిల్లి ఉంది. నిరుడు కోతలయ్యాక ఎలుకలు ఎక్కువయ్యాయని మా అమ్మాయి ఐదు నెలల మగ పిల్లిని తెచ్చింది. కలిసి తింటే కలిసిపోతాయనుకుని ఆ రాత్రే రెండింటికీ ఒకే పళ్ళెంలో చేపల అన్నం పెట్టాము. పెద్దది బుస్సుమని లేచి చిన్నదాని చెవి చీరింది. వారం తిరిగేసరికి పెద్దది అటక దిగడం మానేసింది. చిన్నది బియ్యం బస్తాల మీద మూత్రం పోయడం మొదలుపెట్టింది. మా తల్లిగారు విసిగిపోయి, "ఆ కొత్తదాన్ని సంచిలో వేసి కాలవ అవతల వదిలి రారా" అన్నారు. అమ్మాయి ఆ పూట అన్నం ముట్టలేదు.

మేము పశువుల డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాము. తప్పు పిల్లులది కాదు, మాదేనని అక్కడ తెలిసింది.

మన ఇంటి పిల్లి ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవి పిల్లి సంతతి. అది ఒంటరిగా వేటాడే జంతువు. ఒక ఎలుక రెండు కడుపులు నింపదు గదా! అందుకే పిల్లికి పక్కపక్కన తినడం స్నేహం కాదు, పోటీ. పైగా అది తనవారిని ఎక్కువగా వాసనతోనే గుర్తుపడుతుంది. పరిచయం లేని వాసన దానికి శత్రువే.

గనుక కొత్త పిల్లిని మొదట కొన్నాళ్ళు వేరే గదిలో ఉంచాలి. తిండి, నీళ్ళు, పడక, ఇసుక పోసిన వెడల్పాటి తట్ట అన్నీ ఆ గదిలోనే పెట్టాలి. ఒక పాతగుడ్డతో ఒకదాని బుగ్గలు మెల్లగా తుడిచి, ఆ గుడ్డను రెండవదాని పడక దగ్గర వేయాలి. అలాగే దీని గుడ్డ దానికి. అవి వాసనకు అలవాటుపడ్డాక, మూసిన తలుపుకు చెరోవైపు తిండి పెట్టాలి. నిమ్మళంగా తింటూంటే కొన్ని రోజులకు తలుపు కాస్త ఓరగా తీయవచ్చు. బుసకొడితే మళ్ళీ మూసి, ఒక మెట్టు వెనక్కి రావాలి. తొందర పనికిరాదు.

తలుపు తీసిన తరువాత కూడా గిన్నెలు వేరుగా, ఒకదానికొకటి కనబడని చోట ఉండాలి. రెండు పిల్లులుంటే ఇసుక తట్టలు మూడు ఉండటం మంచిది. ఎక్కి కూర్చోవడానికి అటక, గూడు వంటి ఎత్తయిన చోట్లు చెరొకటి ఉండాలి. పోట్లాట ఎప్పుడూ అరుపులతోనే ఉండదు. ఒకటి వంటింటి గుమ్మంలో కూర్చుని తేరిపార చూస్తుంటే, రెండవది లోపలికి రాలేక పస్తుండవచ్చు. దాన్ని గమనించాలి.

మగ పిల్లికి ఐదారు నెలల వయసులో ఆపరేషన్ చేయిస్తే పోట్లాటలు, గోడల మీద మూత్రం చిమ్మడం బాగా తగ్గుతాయి. మూత్రం రాక పదేపదే ముక్కుతుంటే అది ప్రాణాపాయం, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. రెండు రోజులు తిండి మానినా ఉపేక్షించకూడదు.

పిల్లుల్ని కొట్టవద్దు. కొడితే భయం పెరుగుతుందే గాని స్నేహం పెరగదు. పోట్లాటలో చెయ్యి అడ్డం పెట్టవద్దు, మధ్యలో ఒక చేటో అట్టముక్కో పెట్టండి. కరిచినా, రక్కినా సబ్బుతో పావుగంటసేపు ధారగా నీళ్ళు పోసి కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. పిల్లులకూ రేబిస్ టీకా వేయించాలి.

కాలవ అవతల వదిలిన పిల్లికి అక్కడ తిండి తెలియదు, దారి తెలియదు. ఆ చోటు అప్పటికే వేరే పిల్లుల సొంతం. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

మా ఇంట్లో ఏడు వారాలు పట్టింది. ఇప్పటికీ అవి ఒకే పడకలో పడుకోవు. పెద్దది అటక మీద, చిన్నది బస్తాల మీద. వరండాలో ఎదురుపడితే తోక ఉబ్బించకుండా పక్కకు తప్పుకుని వెళ్తాయి. ఒకదాన్నొకటి నాకుతూ కూర్చుంటాయని మొదట ఆశించాము. ఈమాత్రం శాంతి చాలని ఇప్పుడు అనుకుంటున్నాము. రెండవ గిన్నెలో అన్నం కలిపేది మా తల్లిగారే.

మీ ఇంట్లోనూ ఇటువంటి పోరు ఉంటే, సంచి వెదికే ముందు రెండవ గిన్నె వెదకండి.